చీపురుకొండకు క్రీప్ వచ్చింది

చీపురుకొండ జరుగుతోందని మొట్టమొదట చెప్పినవి దండేలు.

గోనెపేటకు పడమటి కొసన, కొండ పాదాన, ఒకే వరసలో కొన్ని ఇళ్ళున్నాయి. ఇళ్ళ పెరళ్ళకూ కొండకూ మధ్య ఒక రాతిగోడ. దాన్ని ఎవరు కట్టించారో మున్సిపాలిటీకే గుర్తులేదు. ఇంటి చూరుకు ఒక కొక్కెం, ఎదురుగా గోడరాళ్ళ సందులో ఒక కొక్కెం, మధ్యన బట్టలారేసుకునే దండెం. వరస మొత్తానికీ అదే ఏర్పాటు. బిగించి కట్టిన దండెం కొన్ని నెలలు తిరిగేసరికి వదులైపోయేది. చీర అంచులు మట్టికి తగిలేవి. విప్పి, ఒక ముడి ఎక్కువ వేసి, మళ్ళీ బిగించేవారు. మొదట్లో తాడును తిట్టారు. తాడు మార్చి నైలాను వేశారు. నైలాను తీసేసి ఇనుప తీగ వేశారు. ఇనుప తీగా వదులైంది. ఇనుము అంత తేలిగ్గా సాగదు గనుక ఇక మిగిలింది ఒకటే సంగతి. గోడ ఇంటివైపు వస్తోంది. దాన్ని వెనకనుంచి కొండ తోస్తోంది.

ఆ వీధివాళ్ళు దానికి గుండెలు బాదుకోలేదు. కాలం గుర్తు పెట్టుకోడానికి వాడుకున్నారు. ఎవరి మనవడు ఎప్పుడు పుట్టాడంటే, పెద్ద గాలివాన ముడికి ముందా వెనకా అని ఆలోచించి చెప్పేవారు.

ఆ వరసలో చివరి ఇల్లు సాంబమూర్తిది. బియ్యే చదివి, బీమా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య మాణిక్యాంబ పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఆవిడ బతికుండగా గోడకు పైన, కొండవాలులో ఒక నందివర్ధనం మొక్క నాటింది. అప్పట్లో పూలు కొయ్యాలంటే గోడకు నిచ్చెన వేసుకుని ఎక్కాల్సి వచ్చేది. ఇప్పుడు వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే కొమ్మ అందుతోంది. కొండ తన ఇంటిమీదికే వస్తోందని సాంబమూర్తికి తెలుసు. వస్తూ వస్తూ పూలు కూడా తెస్తోంది కదా అనుకునేవాడు. మోకాళ్ళ నొప్పులున్నవాడికి అదీ ఒక ఉపకారమే.

అయితే ఆ ఏడు ఎండాకాలం చివర్లో గోడ మధ్యన పొట్ట ముందుకు పొడుచుకొచ్చింది. పక్కింటి ఎర్నమ్మ వీధిలో ఇడ్లీలు అమ్ముకుంటుంది. పొయ్యి ఊదుతూ గోడవైపు ఒకసారి చూసి, "నిండు నెల్ల మనిసి నాగున్నాది బావూ. వానలకి కనెత్తాది," అంది.

సాంబమూర్తి ఆ మధ్యాహ్నమే అర్జీ రాశాడు. కొండ జరుగుతోంది, గోడ మీద పడేలా ఉంది, వానలు రాకముందే కొత్త గోడ కట్టించి మమ్మల్ని కాపాడండి. అంతే. వీధిలో అందరూ సంతకాలూ వేలిముద్రలూ వేశారు. అతనూ ఎర్నమ్మా పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళారు.

మామూలుగా అయితే ఇంజనీరు దినకర్ అర్జీ తీసుకుని "చూద్దాం" అనేవాడు. ఆ మాటకు అర్థం ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళేవారు. కానీ దినకర్ అప్పుడే ఏదో చల్లని ఊళ్ళో జరిగిన శిక్షణకు వెళ్ళొచ్చాడు. ఒళ్ళు కాస్త నునుపెక్కింది. అర్జీ చదివి, "జరుగుతోంది" అన్న మాట కింద ఎర్రసిరాతో గీత గీశాడు.

"ఇది శాస్త్రీయ పదం కాదండీ. నేల వాలు వెంబడి నెమ్మదిగా, క్రమక్రమంగా, కంటికి కనబడకుండా కదలడాన్ని క్రీప్ అంటారు," అన్నాడు.

ఆ మాట అతను పలికిన తీరు చూస్తే, పిల్లకు పేరు పెట్టిన తండ్రి ముఖం అలాగే వెలుగుతుందనిపించింది. సాంబమూర్తికి కూడా సంతోషమే కలిగింది. వైద్యుడు రోగానికి పేరు చెప్పాడంటే తర్వాత రాసేది మందే గదా. మరి దీనికి ఏం చెయ్యాలండీ అని అడిగాడు.

దినకర్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. చేయడానికేముంది, అది క్రీప్ గదా అన్నాడు. తర్వాత ఓపిగ్గా వివరించాడు. కొండచరియ విరిగిపడితే అది విపత్తు. విపత్తుకు నిధి ఉంది, పునరావాసం ఉంది, గోడ ఉంది, పెద్దల పరామర్శ కూడా ఉంది. నెమ్మదిగా జరిగేదానికి నిబంధనల్లో ఏమీ లేదు. పడితే తమ పరిధిలోకి వస్తుంది, జరిగితే రాదు. ఆ లెక్కన చీపురుకొండవాళ్ళు అదృష్టవంతులు.

"అయితే పడ్డాక రమ్మంతావేటి బావూ?" అంది ఎర్నమ్మ.

"పడదమ్మా. పడితే అది క్రీప్ కాదు. ఇది క్రీప్ అని ఇప్పుడే నిర్ధారణ అయింది."

ఎర్నమ్మ సాంబమూర్తి ముఖం చూసింది. చదువుకున్నవాడు గనుక అతనికేమైనా తెలిసిందేమోనని. సాంబమూర్తి తన చెప్పుల వంక చూసుకున్నాడు.

ఆ మాట సాయంత్రానికల్లా కమిషనరు విశ్వమోహన్ చెవిన పడింది. ఆయన దాన్ని నోట్లో వేసుకుని చప్పరించినట్టు రెండుమూడుసార్లు అని చూసుకున్నాడు. ఆ ఆఫీసులో ఏ పనైనా ఏళ్ళూ పూళ్ళూ సాగుతుందన్న అపవాదు ఆయన్ను చాలాకాలంగా బాధిస్తోంది. సాగడానికి ఇంత గౌరవనీయమైన పేరుందని ఎవరూ చెప్పలేదు. వెంటనే సిబ్బందిని సమావేశపరిచి, ఇన్నాళ్ళూ మన దగ్గర సమస్య ఉంది గానీ పేరు లేదు, ఇప్పుడు పేరు వచ్చింది గనుక సమస్య తీరిపోయినట్టే పరిగణించాలి అని ఉద్బోధించాడు. అందరూ బల్లలు చరిచారు.

వారం తిరక్కుండా ఆఫీసులో క్రీప్ విభాగం వెలిసింది. దానికి ఒక గది, గదికి ఒక బోర్డు, బోర్డుకు ఒక రిబ్బను. రిబ్బను కత్తిరించాక అందరూ కొండ దగ్గరికి వచ్చి గోడకు ఇంకో బోర్డు తగిలించారు. "ఇది క్రీప్ మండలం. నిశ్చింతగా ఉండండి" అని దానిమీద రాసి ఉంది. బోర్డు పెద్దది, మేకులు లావైనవి. గోడ పొట్ట సరిగ్గా ఎక్కడ ఉబ్బిందో అక్కడే నాలుగు మూలలా రంధ్రాలు తొలిచారు. తొలిచేటప్పుడు గోడలోంచి రాళ్ళు ఊడి పెరట్లో పడ్డాయి. దినకర్ వాటిని ఫొటో తీయించి, సహజ క్రీప్‌కు నిదర్శనమని రాసుకున్నాడు. ఊడిన రాళ్ళను ఎర్నమ్మ పొయ్యికి వాడుకుంది.

ఆ తర్వాత సర్క్యులర్ వచ్చింది. జరగడం, కదలడం, ఒరగడం, కూలడం, మీద పడటం వంటి పదాలు ప్రజల్లో అనవసర భయాందోళనలు రేకెత్తిస్తున్నట్టు యంత్రాంగం దృష్టికి వచ్చినందున, ఇకమీదట ఆ పదాలున్న అర్జీలు స్వీకరించబడవు. క్రీప్ అనే పదమే వాడవలెను. సదరు క్రీప్‌కు ఎవరైనా ఆటంకం కలిగించినచో చర్యలు తీసుకోబడును. దాన్ని అచ్చువేసి ఆఫీసు గోడకు అంటించారు. సాంబమూర్తి అర్జీ తిరుగు టపాలో ఇంటికి వచ్చింది.

అతను మళ్ళీ రాశాడు. "కొండకు క్రీప్ వచ్చింది, గోడకూ క్రీప్ వచ్చింది, మాకు భయం వచ్చింది" అని రాశాడు. భయం అనే పదం కూడా నిషేధమేనని చెప్పి అదీ వెనక్కి పంపారు.

జనానికి కొత్త పదం అలవాటు చేయడానికి వీధిలో షామియానా వేసి అవగాహన సదస్సు పెట్టారు. నగరం నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. పిల్లలకు ఓనమాలు దిద్దించినట్టు ముసలమ్మల చేత ఒక్కొక్కరి చేతా ఆ మాట పలికించాడు. ఎర్నమ్మ వంతు వచ్చింది.

"కిరీపు," అంది ఎర్నమ్మ.

నిపుణుడు చప్పట్లు కొట్టించాడు. చప్పట్లు ఆగాక ఆవిడ కూర్చోలేదు. "సెప్పీసినాను గదా. మరి గోడెప్పుడు కడతారు?"

ఆ ప్రశ్న సదస్సు కార్యక్రమంలో లేదని నిపుణుడు నవ్వుతూ చెప్పాడు. సమోసాలు పంచారు. అంత ఎండలో ఒక పూటంతా వీధికి నీడ దొరికిందని సాంబమూర్తి మనసులో అనుకున్నాడు. షామియానా విప్పుకుపోయే కూలీ అతన్ని చూసి, మిగిలిన మంచినీళ్ళ డబ్బా గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. ఆ రోజు మున్సిపాలిటీ తరఫున ఆ వీధికి జరిగిన మేలు అదొక్కటే. అది కూడా సర్క్యులర్‌లో లేదు.

ఇక ఆ మాట ఆఫీసంతా పాకింది. వితంతు పింఛను ఎప్పుడొస్తుందని అడిగితే క్రీప్‌లో ఉందన్నారు. వీధిదీపాలు క్రీప్‌లో ఉన్నాయి. కాలవ పూడిక కూడా క్రీప్‌లో పడింది. భోజనాల వేళకు తీరిగ్గా వచ్చే గుమాస్తాలు హాజరు క్రీప్ అవుతోందని చెప్పి లోపలికి వెళ్ళేవారు. ఇదివరకు "ఇంకా కాలేదు" అంటే తిట్టిపోసే జనం, ఇంగ్లీషు ముక్క వినేసరికి ఏ పెద్ద కారణం ఉందోనని నోరుమూసుకుని వెళ్ళిపోయేవారు. ఒక పదంతో ఇంత శాంతి నెలకొంటుందని కమిషనరు కూడా ఊహించలేదు.

పేరు పైదాకా వెళ్ళింది. పెద్దలు బృందాలుగా కార్లలో వచ్చి చీపురుకొండను చూశారు. నెమ్మదైన కదలికను ఇంత పద్ధతిగా గుర్తించిన పట్టణం మరొకటి లేదని మెచ్చుకున్నారు. గోనెపేటను ఆదర్శ క్రీప్ పట్టణంగా ప్రకటించారు. కొండ ఎంత జరిగిందో చూడటానికి ఎర్నమ్మ పెరట్లో ఒక కొలకర్ర పాతారు. పాతడానికి ఆవిడ దండెం అడ్డమొచ్చిందని విప్పి పక్కన పడేశారు.

వాన మబ్బులు కనబడటం మొదలయ్యాక వీధివాళ్ళకు ఓపిక నశించింది. ఆటో నడిపే గురువులనే కుర్రాడు ఎక్కణ్ణుంచో ఖాళీ గోనెసంచులు తెచ్చాడు. అందరూ కలిసి వాటిలో ఇసుక నింపి గోడ పొట్టకు ఆనించి పేర్చారు. సాంబమూర్తి బరువులెత్తలేడు గనుక సంచుల మూతులు కుట్టాడు. మాణిక్యాంబ వాడిన దబ్బనంతోనే. పని పూర్తయ్యేసరికి గోడ చేరగిలబడ్డ మనిషిలా కాస్త నిదానించినట్టు కనిపించింది. ఆ వారం దండేలు ఏమాత్రం వదులు కాలేదు.

అదే కొంప ముంచింది. కొలకర్ర దగ్గర కొలత మారలేదని క్రీప్ విభాగం కంగారుపడింది. కమిషనరే స్వయంగా వచ్చాడు. సంచులు చూసి ముఖం ఎర్రబడింది.

"ఇది ఆటంకం కిందికి వస్తుంది. మీరు దీన్ని ఆపేస్తే మేం దేన్ని కొలవాలి?" అన్నాడు.

"కొలవడం ఎందుకండీ?" సాంబమూర్తి వినయంగానే అడిగాడు.

"ఎంత జరిగిందో తెలియడానికి."

"తెలిశాక?"

"నివేదిక పంపడానికి." కమిషనరు అతని వంక జాలిగా చూశాడు. "చదువుకున్నవారు, మీరు కూడా ఇలా అడిగితే ఎలాగండీ?"

సంచులన్నీ లారీకెక్కించారు. వాటిని వృథా చేయలేదు. ఆదర్శ పట్టణం బిరుదు అందుకునే సభలో వేదిక కుంగకుండా దాని కింద పేర్చారు. ఆ వేదిక మాత్రం చాలా గట్టిగా నిలబడిందని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున సాంబమూర్తి మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాడు. ఈసారి గోడ అడగలేదు. వాన తగ్గేదాకా తలదాచుకోవడానికి మున్సిపల్ కళ్యాణమండపం తాళం ఇప్పించమన్నాడు. దినకర్ నిజంగానే నొచ్చుకున్నాడు. తరలింపు విపత్తులకే ఉంది, క్రీప్‌కు లేదు. అయినా మీ కోసం ఏదో ఒక దారి వెతుకుతానన్నాడు. ఒక పూటంతా కమిషనరుతో కూర్చుని వెతికాడు. దారి దొరికింది. క్రమానుగత తరలింపు ఉత్తర్వు.

సాంబమూర్తి దాన్ని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. కొండ నెమ్మదిగా జరుగుతున్నందున ప్రజలు కూడా అదే వేగంతో తరలవలెను. కొండ ఎంత ముందుకు వస్తే నివాసితులు అంత వెనక్కి జరగవలెను. అంతకు మించి వేగంగా తరలడం భయాందోళనగా పరిగణింపబడును. ఎవరినీ ఒక్కసారిగా ఖాళీ చేయించరాదు.

మర్నాడే సిబ్బంది టేపు పట్టుకుని వచ్చారు. ఎర్నమ్మ రుబ్బురోలును నలుగురు పట్టి వేలెడు దూరం వీధివైపు జరిపారు. సాంబమూర్తి మంచాన్నీ అలాగే జరిపారు. ఫొటోలు తీసుకున్నారు. మొదటి విడత తరలింపు విజయవంతంగా ముగిసిందని మైకులో చెప్పుకుంటూ వెళ్ళిపోయారు. ఎర్నమ్మ ఆ రోలు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఈళ్ళకి అమ్మలు అన్నం ముద్దలెట్నేదేటో బావూ, పేపర్లే ఎట్టీసినారు," అంది.

తుఫాను రెండోనాడు పొద్దున ఎర్నమ్మ మళ్ళీ కట్టుకున్న దండెం మీద, చూరు కింద, తడి తువ్వాలు ఆరేసి పొయ్యి వెలిగించింది. మొదటి వాయి ఇడ్లీలు దింపేసరికి తువ్వాలు అంచు నేలకు తగులుతోంది. ముడి వేసి బిగించింది. రెండో వాయి దింపేసరికి తువ్వాలు మొత్తం బురదలో ఉంది. ఎన్నో నెలలకు పడే ముడి ఒక్క వాయి ఇడ్లీల మధ్య పడింది. ఆవిడ పొయ్యిమీద నీళ్ళు పోసి, ఇడ్లీ పళ్ళెం గరిటెతో వాయిస్తూ వీధి ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తింది.

ఎవరూ ఎందుకని అడగలేదు. అందరికీ దండేలున్నాయి. చేతికి అందింది పట్టుకుని బయటపడ్డారు. సాంబమూర్తి మాణిక్యాంబ ఫొటో గోడమీంచి తీసి చొక్కాలో పెట్టుకున్నాడు. వంటింటి కిటికీ మూద్దామని వెళితే మూతపడలేదు. నందివర్ధనం కొమ్మ ఊచల్లోంచి లోపలికి వచ్చి ఉంది, నిండా పూలతో. ఒకటి తెంపుకోబోయి ఆగాడు. వదిలేసి వచ్చేశాడు.

ఆ వానలో తలుపులు తెరిచి ఉన్న పక్కా భవనం దగ్గర్లో ఒక్కటే ఉంది, మున్సిపల్ ఆఫీసు. అందరూ వెళ్ళి వరండాలో కూలబడ్డారు. లోపలికి రాకూడదని, ఉత్తర్వు ప్రకారం మీరిప్పుడు వేలెడు దూరమే జరగాలని అటెండరు చెబుతుండగానే, పడమటి వైపు నుంచి ఒక శబ్దం వచ్చింది. పెద్ద ధాన్యపు బస్తాను ఎవరో ఒక్కసారిగా కుమ్మరించినట్టు. తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అటెండరు ఉత్తర్వు సంగతి వదిలేసి లోపలికి వెళ్ళి పాత బ్యానర్లన్నీ తెచ్చి కప్పుకోమని ఇచ్చాడు. వాటిమీద "నిశ్చింతగా ఉండండి" అని ఉంది. తడిసిన ఒంటికి గాలి కొట్టకుండా అవి బాగానే కాచాయి.

వరస మొత్తం పోయింది. మనుషులెవరూ పోలేదు.

లోపల అత్యవసర సమావేశం జరిగింది. తలుపు సందులోంచి మాటలు వరండాలోకి వినబడుతూనే ఉన్నాయి. కొండచరియ విరిగిపడిందని రాస్తే గోడ ఎందుకు కట్టలేదని అడుగుతారు. బిరుదు వాపసు ఇవ్వాలి. వేదికమీద కప్పిన శాలువా సంగతి ఏమిటని ఎవరో అడిగారు. చాలాసేపటికి దినకర్‌కే మళ్ళీ మెరుపు మెరిసింది. ఇది పడటం కాదు, క్రీప్ వేగం పుంజుకోవడం మాత్రమే. దాన్ని త్వరిత క్రీప్ అని రాసుకున్నారు. క్రీప్‌కు పరిహారం లేదు, కొత్త ఇళ్ళూ లేవు. వాన వెలిశాక కమిషనరు బయటికి వచ్చి, ఇక మీమీ ఇళ్ళకు వెళ్ళవచ్చునని చెప్పాడు.

"ఇల్లేది బావూ?" అంది ఎర్నమ్మ.

"మీ ఇల్లు కూలిందని ఎవరన్నారమ్మా? మీ స్థలంలోకి కొండ క్రీప్ అయింది. అంతే."

సాంబమూర్తికి పుట్టి బుద్ధెరిగాక కోపం వచ్చిన సందర్భాలు తక్కువ. వచ్చినా మాణిక్యాంబ చెయ్యి భుజంమీద పడేసరికి పోయేది. ఇప్పుడు ఆ చెయ్యి లేదు. కోపం పోకుండా కడుపులోనే కూర్చుంది. అయినా అతనికి గట్టిగా మాట్లాడటం చేతకాదు. లేచి, గోడకు అంటించిన సర్క్యులర్ దగ్గర నిలబడి మొత్తం చదివాడు. జేబులోంచి తరలింపు ఉత్తర్వు తీసి అదీ చదివాడు. తిరిగొచ్చి తన చాపను వరండాలోంచి నేలమీద పరిచిన ఒక్క బండపలక మేర ఆఫీసు గుమ్మం వైపు జరుపుకుని కూర్చున్నాడు.

ఎర్నమ్మ అది చూసింది. వరండా మూల ఇటుకలతో పేర్చుకున్న తన కొత్త పొయ్యిని కూడా ఒక పలక జరిపింది.

మర్నాడు ఇంకో పలక. ఆ మర్నాడు ఇంకోటి. గుమ్మం దాటి నడవాలోకి వచ్చాక అటెండరు అడ్డం వచ్చాడు. లోపలికి రాకూడదమ్మా అన్నాడు.

"ఎవులొచ్చినారు? కిరీపు," అంది ఎర్నమ్మ. అతనికి రెండు ఇడ్లీలు పెట్టింది. అతను తింటూ పక్కకు తప్పుకున్నాడు.

నడవా దాటి హాల్లోకి వచ్చారు. కమిషనరు పోలీసులకు కబురు చేశాడు. వచ్చిన ఎస్సై ముందు గోడమీది సర్క్యులర్ చదివాడు. క్రీప్‌కు ఆటంకం కలిగించేవారిపై చర్యలు తీసుకోబడునని మీరే రాశారు, నన్నెవరిమీద చర్య తీసుకోమంటారని అడిగి, ఎర్నమ్మ దగ్గర ఇడ్లీ తిని వెళ్ళిపోయాడు. కమిషనరు పైవాళ్ళకు ఫిర్యాదు రాయించాడు. తన కార్యాలయంలో జనం రోజురోజుకూ మీదిమీదికి జరుగుతున్నారని రాయించాడు. నిషిద్ధ పదం ఉందని ఆయన టపా గుమాస్తాలే దాని కింద ఎర్రసిరాతో గీత గీసి తిరిగి ఆయన బల్లమీద పెట్టారు. ఉత్తర్వులంటే వాళ్ళకంత నిష్ఠ.

ఒక వింత కూడా జరిగింది. పొద్దున్నే హాల్లోంచి అల్లం చట్నీ వాసన వచ్చేసరికి గుమాస్తాలు వేళకు రావడం మొదలుపెట్టారు. వచ్చి, తిని, ఊరికే కూర్చోలేక కాస్త పని కూడా చేశారు. ఒకావిడకు పింఛను మంజూరైపోయింది. ఎలా జరిగిందో విచారించమని కమిషనరు ఆదేశించాడు.

పొయ్యి క్రీప్ విభాగం దాటింది. ఆ బోర్డుకు ఒక కొస, కమిషనరు గది కిటికీకి ఒక కొస కట్టి దండెం వేశారు. ఆయన ఫైలు మీద సంతకం చేస్తుంటే గురువులు లుంగీ నుంచి నీటిచుక్కలు పడేవి. చివరికి ఒకనాడు సాంబమూర్తి చాప అంచు ఆయన బల్లకాలును తాకింది. పొయ్యి సెగ కుర్చీకి తగులుతోంది. ఆయన కుర్చీని వెనక్కి జరుపుకోబోయాడు. వెనక గోడ ఉంది.

"ఎంతదాకా వస్తారండీ?" అని అడిగాడు. ఆ గొంతులో మొదటిసారిగా మనిషి వినబడ్డాడు.

"నాకు తెలియదండీ. కొండకు కూడా తెలియలేదు," అన్నాడు సాంబమూర్తి.

కమిషనరు బల్లమీది కాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. తర్వాత కలం తీశాడు. రోడ్డుకు ఆవల, మెట్టమీద, మున్సిపాలిటీ ఖాళీ స్థలంలో వీధి మొత్తానికీ ఇళ్ళు. కారణం అన్న చోట ఏం రాయాలో తోచక, దినకర్ వంక కూడా చూడకుండా, "కొండ పడింది" అని రాసి సంతకం చేశాడు. కాగితం సాంబమూర్తి చేతిలో పెట్టి చెమట తుడుచుకున్నాడు.

"అయిపోయింది గదా. ఇక ఈ క్షణం ఖాళీ చెయ్యండి."

సాంబమూర్తి ఆ కాగితాన్ని మాణిక్యాంబ ఫొటో పక్కన పెట్టుకున్నాడు. తరలింపు ఉత్తర్వు బయటికి తీసి బల్లమీద విప్పి పరిచాడు.

"ఒక్కసారిగా ఖాళీ చేయించరాదని తమరే రాశారండీ. క్రమానుగతంగానే వెళ్తాం. అక్కడ గోడ ఎంత లేస్తే ఇక్కడ మేం అంత జరుగుతాం."

"అంతే బావూ," అంది ఎర్నమ్మ. "రాళ్ళ వరసొకటి నెగిస్తే పొయ్యి ఒక పలక ఎనక్కి."

ఆ మర్నాటినుంచి దినకర్ తెల్లారకుండానే మెట్టమీద ఉండేవాడు. ఒక వరస లేవగానే టేపుతో కొలిచి, పరిగెత్తుకుంటూ వచ్చి ఎర్నమ్మకు చెప్పేవాడు. ఆవిడ వెళ్ళి చూసి వచ్చి, నమ్మకం కుదిరితే పొయ్యి జరిపేది. కుదరకపోతే ఇడ్లీపిండికి నానబోసుకునేది. ఒకరోజు దినకర్ వచ్చేటప్పుడు బురద కొట్టుకున్న ఒక మొక్క కూడా తెచ్చాడు. శిథిలాలు తీస్తుంటే కొండమట్టిలో నిటారుగా నిలబడి కనిపించిందట, పారేయడానికి చేతులు రాలేదట. ఏ మొక్కో అతనికి తెలియదు. సాంబమూర్తి దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. అతనిమీద అప్పటిదాకా పెట్టుకున్న కోపంలో సగం ఆ మొక్కకు పోయింది. మిగతా సగం ఉంచుకున్నాడు.

మెట్టమీద పునాది పక్కన గొయ్యి తీసి దాన్ని పాతుతుండగా కమిషనరు కారు వచ్చి ఆగింది. ఆయన ఒంటికి ఇంకా పొయ్యి పొగ వాసన వేస్తోంది. దిగి, ప్యాంటు మడతపెట్టి, ఇటుకలమీద కాలు పెట్టి, తాపీమేస్త్రీ వంక చూశాడు. మేస్త్రీ ఒక రాయి పెట్టి, బీడీ వెలిగించుకుని, రెండో రాయి కోసం ఆలోచిస్తున్నాడు.

"బేగి కానివ్వవయ్యా," అన్నాడు కమిషనరు.

గోనెపేట మున్సిపాలిటీ నోటినుంచి తొందరపెట్టే మాట విన్నట్టు అక్కడెవరికీ గుర్తులేదు. మేస్త్రీ కూడా దానికర్థం ఏమిటా అన్నట్టు కాసేపు ఆగి, తర్వాత బీడీ పారేశాడు.